సోలెడు తవుడు

బిడ్డకి నువ్వేటవుతావని అడిగినాది మేడం.
పెద్దమ్మనన్నాను.
కంప్యూటర్లో ఆ మాట లేదట,
'బంధువు' అని కొట్టినాది.
పెద్దమ్మలో సగం అమ్మే గదా,
ఆ సగమూ తీసీడానికి సెయ్యెలాగొచ్చిందో.
పైకి మాత్రం, సర్లెండమ్మా, అన్నాను.

పలాసలో అయిదింటి బస్సెక్కితే
సిక్కోల్లో ఏడింటికి దిగాను.
ఆఫీసు తలుపు తీసీసరికి పదకొండు.
సంచిలో ఆధారు, రేషన్ కార్డు,
ఎమ్మార్వో ఇచ్చిన ఆదాయం కాయితం,
నా మీద కేసుల్లేవని పోలీసులు రాసిన ముక్క,
ఇంటి ముందర నిలబడి తీయించుకున్న ఫోటో.
దాన్లో మా మేక కూడా పడినాది,
నాకంటే అదే బాగా పడినాది.

ఏలెట్టమన్నారు.
ఎట్టాను. పచ్చ దీపం ఎలగలేదు.
కొంగుతో తుడిసి ఎట్టాను.
బొటనేలు, సూపుడేలు, ఎడంసెయ్యి, కుడిసెయ్యి.
పద్దెనిమిదేళ్ళు జీడిపిక్కలు కొట్టిన సేతులు,
ఆ సమురు గీతలన్నీ తినీసినాది.
"మీకు ఏళ్ళు లేవంటోందమ్మా" అన్నాడు కుర్రోడు.
ఉన్నాయి బాబూ, పదీ ఉన్నాయి,
మీ మిసనుకే ఆనటం లేదు.
ఆఖరికి కళ్ళు సూపించమన్నారు.
రాత్రంతా నిద్దర్లేని కళ్ళు. అవి పట్టినాయి.

నా సెల్లి పేరు దమయంతి.
గుంటని కన్న పదకొండో నాడు
మాటాడ్డం మానీసినాది.
ఇరవయ్యో నాడు
పొత్తిళ్ళని రైలుపట్టాల పక్కన పదిలంగా ఎట్టి
తను పట్టాల మీద నడుసుకుంటా ఎలిపోనాది.
గేటుమేను సూసినాడు కాబట్టి ఇద్దరూ దక్కినారు,
ఒకర్తి ఇశాపట్నం ఆస్పత్రిలో,
ఒకర్తి ఇక్కడ శిశుగృహలో.
గుంట తండ్రికి ఫారంలో రెండు గళ్ళున్నాయి.
రెండిట్లోనూ గీత గీయించాను.
మూడేళ్ళయి దమయంతికీ నాకూ మాటల్లేవు,
మాయమ్మ ముక్కుపుడక మీద తగువు.
దానికి గడి లేదు.
అడగలేదు, నాను సెప్పలేదు.

ఆఖరి పేజీ మేడం సదివి ఇనిపించినాది:
"తల్లి కోలుకున్న పక్షంలో
బిడ్డను తిరిగి అప్పగించుటకు సమ్మతించుచున్నాను."
పక్షమంటే పదిహేను రోజులే గదమ్మా, అన్నాను.
ఆ పక్షం కాదని నవ్వినాది.
తరవాత నవ్వలేదు.

నా పేరు తవిటమ్మ.
నా ముందు ముగ్గురు దక్కలేదట.
నన్ను సేటలో ఏసి ఈదిలో ఎట్టినాది మాయమ్మ.
ఎదురింటి గున్నమ్మ సోలెడు తవుడు పోసి
కొనుక్కున్నాది.
పొద్దోయేదాకా నాను ఆవిడి గుంటని.
దీపాలేలకి తెచ్చి మాయమ్మ ఒళ్ళో ఎట్టీసినాది.
సాచ్చులు లేరు, సంతకాల్లేవు.
బతికున్నన్నాళ్ళూ గున్నమ్మ
నా జడ సూస్తే సాలు అనీది:
"ఊరికే ఇచ్చీసేనే నిన్ను."
తిట్టో ముద్దో నాకు తెలిసీది కాదు.
ఈయాల, ఆ బల్ల ముందర కూకున్నాక, తెలిసినాది.

సంతకం ఎట్టమన్నారు.
'త' రాసినాను.
'వి' మీద గుడి కాడ సెయ్యాగిపోనాది.
మేడం తొందరెట్టలేదు,
గుడి ఎట్టాను, మిగతాదీ రాసినాను.

అయిదు నిమిషాలు గుంటని సూడనిచ్చారు.
దమయంతి ముక్కే.
నా ఏలు పట్టుకుని ఒదల్లేదు,
ఆయమ్మ ఒక్కొక్క ఏలే ఇప్పాల్సొచ్చినాది.
ఇంటికొచ్చి సూస్తారట,
ఫేనుందా, నీళ్ళున్నాయా,
ఇరుగుపొరుగు ఏటంటారు అని.
మంగళారం మళ్ళా రమ్మన్నారు.

కాశీబుగ్గలో బస్సు దిగి
రైసుమిల్లు కాడ ఆగినాను.
"సోలెడు తవుడియ్యి బాబూ."
"ఆవుందేటి మీకు?"
"లేదు," కొంగు పట్టినాను.
"గుంట ఉన్నాది."